అరువు ఖాతాల పేజీకి పాస్‌వర్డ్ తాళం

తెనాలిలో మా బావకి ఎరువుల కొట్టు ఉంది. అరువు లెక్కలు ఫోన్‌లో చూసుకోవడానికి పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న పేజీ రాసిచ్చాను. ఏ రైతు ఎంత బాకీ ఉన్నాడో అందులో ఉంటుంది. అది బయటికి పొక్కితే పోయేది రైతు పరువు. అందుకే దాని పాస్‌వర్డ్ దగ్గర నేను చేసిన తప్పు, దిద్దుకున్న తీరు రాస్తున్నాను.

మొదట పాస్‌వర్డ్‌ను ఎండీ5 అనే పద్ధతితో హ్యాష్ (వెనక్కి తిప్పలేని సంకేతం) చేసి, డేటాబేస్‌లో ఉన్నదానితో రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి పోల్చాను. పని చేసింది. కానీ 240610708ని ఎండీ5 చేస్తే ముందు సున్నా, తర్వాత ఇంగ్లిష్ ‘ఇ’, ఆపైన అన్నీ అంకెలే వస్తాయి. రెండు ఈక్వల్స్‌తో పోల్చేటప్పుడు పీహెచ్‌పీ దాన్ని ‘సున్నా ఇంటూ పది ఘాతం ఇంత’ అనే సంఖ్య అనుకుని సున్నాగా చదువుతుంది. డేటాబేస్‌లోనూ అలాంటి హ్యాషే ఉంటే, పాస్‌వర్డ్‌లు వేరైనా తాళం తెరుచుకుంటుంది! మూడు ఈక్వల్స్ పెడితే ఆ చిక్కు పోతుంది కానీ, ఎండీ5 మరీ వేగంగా లెక్కయ్యేది కాబట్టి హ్యాష్‌లు దొంగ చేతిలో పడితే ఊహించి పట్టేయడం తేలిక.

కాబట్టి మీరు పోల్చకండి, ఆ పని పీహెచ్‌పీకే వదిలేయండి. పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు ‘పాస్‌వర్డ్_హ్యాష్’ వాడండి, రెండో విలువగా ‘పాస్‌వర్డ్_డిఫాల్ట్’ ఇవ్వండి. 2013లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచీ ఇది ఉంది. సాల్ట్ (ఒక్కో పాస్‌వర్డ్‌కీ వేరుగా కలిపే ఏవో కొన్ని అక్షరాలు) అదే కలుపుకుంటుంది. ఇది ఇప్పుడు వాడే పద్ధతి పేరు బీక్రిప్ట్. ఆ హ్యాష్ 60 అక్షరాలు, అయినా డేటాబేస్‌లో దాని కాలమ్ 255 పెట్టండి. నేను 50 పెట్టడంతో తోక తెగిపోయి, సరైన పాస్‌వర్డ్ కొట్టినా బావకి పేజీ తెరుచుకోలేదు. కొట్లో రైతులు నిలబడి ఉండగా ఆయన పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

లాగిన్‌లో యూజర్ పేరును ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే (కొట్టిన పేరును డేటాబేస్ ఆదేశంలో అతికించకుండా విడిగా పంపే పద్ధతి) వెతకండి. దొరికిన హ్యాష్‌నీ, కొట్టిన పాస్‌వర్డ్‌నీ ‘పాస్‌వర్డ్_వెరిఫై’కి ఇవ్వండి. పేరు దొరక్కపోయినా ముందే చేసి పెట్టుకున్న ఒక ఉత్తుత్తి హ్యాష్‌తో వెరిఫై చేయించండి. లేకపోతే జవాబు చప్పున వచ్చేసి, ఆ పేరుతో ఎవరూ లేరని బయటివాడికి తెలిసిపోతుంది. రెండు సందర్భాల్లోనూ ‘పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు’ అనే ఒకే మాట చూపించండి. లాగిన్ కుదరగానే ‘సెషన్_రీజెనరేట్_ఐడీ’ పిలిచి సెషన్ గుర్తింపును మార్చేయండి. వరసగా ఐదుసార్లు తప్పితే కాసేపు ఆపండి. హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చదవలేని కనెక్షన్) లేకుండా ఇదేదీ మొదలుపెట్టకండి.

తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించాలి. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది, మిగతాది చప్పుడు లేకుండా వదిలేస్తుంది. అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకీ 3 బైట్లు. గుణింతం, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కే. ‘పెరుగన్నం’ చూడ్డానికి నాలుగక్షరాలే, బైట్లు మాత్రం 27. అంటే 24 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టే ఫారంలోనే బైట్లు లెక్కపెట్టి, 72 దాటితే ఆ సంగతి చెప్పి ఆపండి. ఎక్కువైనదాన్ని మీరే కత్తిరించకండి.

చివరగా, 72 బైట్లకు సరిపడా తెలుగు పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, లాగిన్‌లో ఆఖరి గుర్తు మార్చి కొట్టి చూడండి. తెరుచుకోకూడదు. దాని వెనకే మరో అక్షరం చేర్చి పాస్‌వర్డ్ పెట్టబోతే ఫారం ఒప్పుకోకూడదు.