కర్తరి రాకముందే పెద్దవాళ్ల నిద్ర సంగతి చూడండి

మే 4న కర్తరి మొదలవుతుంది. ఇక్కడ చెన్నైలో ఇరుగుపొరుగు తమిళులు అగ్ని నక్షత్రం అంటారు. ఇంచుమించు 28 దాకా ఉంటుంది. పగటి ఎండకు అందరం జాగ్రత్త పడతాం. మా పెరంబూరు ఇంట్లో అసలు బాధ రాత్రిది. పై అంతస్తు, పగలంతా కాగిన స్లాబు, పైగా ఉక్క. పోయిన వేసవిలో అమ్మ రెండింటికే లేచి గడప మీద విసనకర్రతో కూర్చునేది. తెల్లారేసరికి వేళ్లు బిగుసుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేది. వాతం ముదిరిందనుకున్నాం. నిద్ర ఊసే తట్టలేదు.

నిద్ర సరిగా లేనివాళ్లలో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోలోపలి వాపు, ఎక్కువగా కనిపిస్తుంది. రక్తపరీక్షలో సీఆర్‌పీ అని చూసేది దాన్నే. వయసు పైబడ్డాక అది ఎలాగూ కాస్త ఎక్కువే. దానికి రాత్రి జాగరణ తోడైతే నొప్పులు పెరుగుతాయి, ఆ నొప్పులు మళ్లీ నిద్ర పట్టనివ్వవు.

ఒళ్లు చల్లబడితేనే నిద్ర పడుతుంది. కాబట్టి పడమటి కిటికీలకు ఇప్పుడే తడకలు కట్టించండి, సముద్రపు గాలి మొదలయ్యాక తలుపులు తీయండి. ఏసీ ఉంటే 26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చాలు. కరెంటు బిల్లు భయంతో మా అమ్మ రిమోట్ తలగడ కింద దాచేసేది! ఆ టెన్షన్ ముందే తీర్చండి. పడుకునే ముందు గోరువెచ్చని స్నానం మంచిది, ఆ తర్వాత ఒళ్లు చల్లబడుతుంది.

పగటి కునుకు అరగంట, అదీ మూడు లోపే. మధ్యాహ్నం దాటాక ఫిల్టర్ కాఫీ వద్దు, అమ్మతో పేచీ తప్పదనుకోండి. నీళ్లు పగలే ఎక్కువ తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. ఒంటేలు ఎక్కువగా పోయేందుకు వాడే మాత్ర ఏ పూట వేసుకోవాలో కూడా ఆయన్నే అడగండి.

నిద్రకని జలుబు మాత్రలు మింగే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పెద్దవాళ్లలో అవి మతిని మసకబారుస్తాయి, బాత్రూమ్‌కి లేచినప్పుడు పడిపోతారు. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు. సొంతంగా కొనకండి.

గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నా, పొద్దున వేళ్ల బిగుతు గంట దాటినా డాక్టరుకు చూపించండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నిద్రమత్తు అనుకోవద్దు. ఒళ్లు తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి.