పదే పదే చెవిపోటు వస్తోందా? నొప్పి తీరు చూసి కారణం పట్టుకోండి

చెవిపోటు మొదలవగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పోయినసారి వాడగా మిగిలిన చుక్కల మందు అల్మరాలోంచి తీసి వేసుకుంటారు. రెండు రోజులకు కాస్త తగ్గుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. పిల్లలకు చెవిపోటు వచ్చిందంటే చాలావరకు జలుబు వల్ల మధ్య చెవిలో చేరిన ఇన్ఫెక్షనే అయ్యుంటుంది. పెద్దవాళ్లలో అంత సులువుగా చెప్పలేం. చెవి రంధ్రం చర్మం, కర్ణభేరి వెనకున్న గది, దవడ కీలు, పన్ను, గొంతు... వీటిలో ఏది పాడైనా నొప్పి చెవిలోనే తెలుస్తుంది. ఇన్నిటికీ ఒకే చుక్కలు ఎలా పనిచేస్తాయి?

కాబట్టి మందు వెతికే ముందు మూడు సంగతులు గమనించండి. చెవి డొప్పను పైకి లాగితే నొప్పి పెరుగుతోందా? నోరు పెద్దగా తెరిచి మూస్తే పెరుగుతోందా? గుటక వేస్తే పెరుగుతోందా? సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఇవి ఉంటే ఇంట్లో ఏ ప్రయత్నమూ వద్దు

చెవి వెనక ఎముక మీద వాచి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనిపించినా, మూతి ఒక పక్కకు వంకరపోయినా, కన్ను సరిగా మూతపడకపోయినా, జ్వరంతో పాటు భరించలేని తలనొప్పి ఉన్నా, నిలబడలేనంతగా కళ్లు తిరుగుతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించడం మానేసినా అంతే. లోపలి చెవి దెబ్బతిని వినికిడి పోతే, స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ‘గులిమి అడ్డం పడిందిలే’ అని వారాలు గడిపేస్తే ఆ అవకాశం చేజారిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి, చుక్కలు వేస్తున్నా రోజురోజుకూ పెరుగుతుంటే, ఇన్ఫెక్షన్ చెవి రంధ్రం దాటి పుర్రె అడుగు ఎముకలోకి దిగుతుండవచ్చు. ఎక్కువగా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు వయసు మళ్లిన షుగర్ రోగులకు ప్రాణం మీదికి తెస్తుంది. వారాల తరబడి బలమైన యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది. చెవి ఇన్ఫెక్షన్లు పదే పదే వస్తున్నా ఇంతవరకూ షుగర్ పరీక్ష చేయించుకోనివాళ్లు ముందు ఆ పని చేయండి.

చెవి లాగితే ప్రాణం పోతోంది

డొప్ప కదిపినా, రంధ్రం ముందు మిట్టలా ఉండే భాగాన్ని వేలితో నొక్కినా నొప్పి జివ్వున లాగితే, తేడా చెవి రంధ్రం చర్మంలోనే ఉంది. లోపలి భాగంలో ఆ చర్మం చాలా పల్చగా నేరుగా ఎముకను అంటుకుని ఉంటుంది. వాపు రావడానికి చోటు ఉండదు కాబట్టే కొద్ది వాపుకే అంత నొప్పి. బయటి భాగంలో వెంట్రుక కుదుళ్ల దగ్గర చిన్న సెగగడ్డ లేచినా ఇలాగే ఉంటుంది.

ఎందుకొచ్చింది? చాలాసార్లు మన చేతులారా తెచ్చుకున్నదే. గులిమి మురికి కాదు, నీటిని అంటనివ్వకుండా, క్రిములను పెరగనివ్వకుండా చర్మాన్ని కాపాడే పూత. బడ్స్, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి తిప్పితే ఆ పూత పోతుంది, చర్మం గీసుకుంటుంది. ఆ తర్వాత తలస్నానం నీళ్లో, స్విమ్మింగ్ పూల్ నీళ్లో చేరితే చాలు. రోజంతా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పనిచేసేవాళ్లకు లోపల చెమ్మ ఆరదు, వాళ్లకూ ఇదే బాధ. తలలో చుండ్రు ఉన్నవాళ్లకు చెవిలోనూ పొట్టు రాలి దురద పెడుతుంది. చుండ్రుకు మందు వాడకుండా చెవికి ఎంత వైద్యం చేసినా తిరగబెడుతూనే ఉంటుంది.

డాక్టర్ రాసిన యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలతో సాధారణంగా రెండు మూడు రోజుల్లో నొప్పి దిగుతుంది. అయినా 7 నుంచి 10 రోజుల కోర్సు పూర్తి చేయాలి. రంధ్రం వాచి మూసుకుపోతే చుక్కలు లోపలికి దిగవు. అప్పుడు డాక్టర్ మందులో తడిపిన సన్నని ఒత్తి పెడతారు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది.

చుక్కలు వేసుకునే తీరులోనే చాలామంది మందును వృథా చేస్తున్నారు. సీసాను ముందు కాసేపు గుప్పిట్లో పట్టుకోండి, చల్లటి మందు పడితే కళ్లు తిరుగుతాయి. నొప్పి ఉన్న చెవి పైకి వచ్చేలా ఒత్తిగిలి పడుకుని, డొప్పను మెల్లగా పైకి, వెనక్కి లాగి పట్టుకుంటే రంధ్రం తిన్నగా అవుతుంది. చుక్కలు వేశాక ముందున్న మిట్టను నాలుగైదు సార్లు నెమ్మదిగా నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. వేసిన వెంటనే లేచి కూర్చుంటే మందు మెడ మీదికి కారిపోతుంది. తగ్గేవరకు స్నానం చేసేటప్పుడు దూదికి వ్యాజిలిన్ రాసి చెవిలో పెట్టుకుని, అయ్యాక తీసేయాలి.

నొప్పి కంటే దురద ఎక్కువ, చెవి దిబ్బెడ

మన దగ్గర, ముఖ్యంగా ఉక్కపోతగా ఉండే కోస్తాలో, వానాకాలంలో, ఫంగస్ చాలా సాధారణం. మైక్రోస్కోప్ కింద చూస్తే రంధ్రం నిండా తడిసిన న్యూస్‌పేపర్ ముద్దలాంటిది, దాని మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ నలుపు ఆస్పర్‌జిల్లస్ అనే బూజుది. కాండిడా అయితే తెల్లగా పెరుగులా ఉంటుంది.

పదే పదే వస్తోందని బాధపడేవాళ్లు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలి. యాంటీబయాటిక్ చుక్కలు ఎక్కువ రోజులు వాడితే చెవిలో మామూలుగా ఉండే బ్యాక్టీరియా చచ్చిపోయి ఫంగస్‌కు అడ్డు లేకుండా పోతుంది. అంటే పాత మందు మళ్లీ మళ్లీ వేసుకునే అలవాటే జబ్బును పెంచుతుంది. దీనికి మొదటి వైద్యం చుక్కలు కాదు, శుభ్రం చేయడం. ఈఎన్‌టీ డాక్టర్ సక్షన్‌తో (పీల్చే గొట్టంతో) ఆ ముద్దను తీశాకే క్లోట్రిమజోల్ లాంటి మందు చర్మానికి తగులుతుంది. దురద నాలుగు రోజుల్లో పోతుంది, అక్కడే అందరూ ఆపేస్తారు. దాదాపు రెండు వారాలు వాడి, మళ్లీ ఒకసారి చూపించుకుంటేనే పూర్తిగా పోయిందో లేదో తెలుస్తుంది.

వెల్లుల్లి కాచిన నూనె సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే పోస్తారు, వెచ్చదనానికి కాసేపు హాయిగానే ఉంటుంది. కానీ కర్ణభేరి వెనకున్న చీముకు ఆ నూనె అందదు, కర్ణభేరికి చిల్లు ఉంటే మాత్రం మధ్య చెవిలోకి దిగుతుంది. వేడెక్కువైతే చర్మం కాలుతుంది. ఆకుపసర్లూ అంతే. వెచ్చదనం కావాలనుకుంటే గుడ్డను వేడిచేసి బయటినుంచి కాపడం పెట్టండి.

తలంటు పోసుకున్నాక చెవి మూసుకుపోతోంది

గులిమి గట్టిపడి ఉంది, నీళ్లు తగిలి ఉబ్బింది. మెత్తబరిచే చుక్కలు కొన్ని రోజులు వేసి డాక్టర్ దగ్గర తీయించుకుంటే సరి. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు, గతంలో చెవి ఆపరేషన్ అయినవాళ్లు ఆ చుక్కలూ వేయకూడదు, నీళ్లతో కడిగించుకోనూ కూడదు. రోడ్డు పక్కన పుల్లలతో గులిమి తీసేవాళ్లకు చెవి అప్పగించొద్దు.

జలుబు చేసిన ప్రతిసారీ, విమానం దిగేటప్పుడు

ముక్కు వెనక నుంచి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది, పెద్దవాళ్లలో పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. గుటక వేసినప్పుడల్లా తెరుచుకుని గాలి ఒత్తిడిని సరిచేస్తుంది. జలుబు, అలర్జీ, సైనస్, సిగరెట్ పొగ వల్ల అది వాచి మూసుకుంటే కర్ణభేరి లోపలికి పీక్కుపోయి నొప్పి పుడుతుంది. మన గొంతు మనకే గుయ్యిమని వినిపిస్తుంది, ఘాట్ రోడ్డు దిగుతుంటే చెవులు పట్టేస్తాయి.

ఇక్కడ చెవి చుక్కలు వేసి లాభం లేదు, మధ్యలో కర్ణభేరి అడ్డంగా ఉంది. ముక్కుకే వైద్యం చేయాలి. ఉప్పునీటి స్ప్రే, అలర్జీ ఉంటే డాక్టర్ రాసిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రే కొన్ని వారాలు మానకుండా వాడాలి. స్ప్రే మొనను ముక్కు మధ్య గోడ వైపు కాకుండా, అదే పక్క చెవి వైపు తిప్పి కొట్టండి. ముక్కు దిబ్బడను ఇట్టే వదిలించే చుక్కలు మాత్రం ఐదు రోజులు దాటొద్దు, ఆ తర్వాత అవే దిబ్బడ తెస్తాయి. ముక్కు చీదేటప్పుడు ఒక్కో రంధ్రం, అదీ మెల్లగా. విమానం దిగుతున్నప్పుడు నిద్రపోకుండా గుటకలు వేస్తూ ఉండండి.

జలుబు లేకుండానే ఒక పక్క చెవి వారాల తరబడి దిబ్బెడగా ఉండి, కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలితే, ముక్కు వెనక భాగంలో గడ్డ ఏమైనా ఉందేమో ఎండోస్కోపీతో చూడమని అడగండి.

నొప్పి తగ్గింది, చీము కారుతోంది

నొప్పి పోయింది కదా అని ఊరుకోవద్దు. చీము ఒత్తిడికి కర్ణభేరి చిరిగింది, అందుకే నొప్పి పోయింది. ఆ చిరుగు చాలామందికి కొన్ని వారాల్లో తనంతట తానే మూసుకుంటుంది. మూసుకోకపోతే నీళ్లు పోయినప్పుడల్లా, జలుబు చేసినప్పుడల్లా చీము కారుతుంది, వినికిడి మెల్లగా తగ్గుతుంది. చిల్లు ఉన్న చెవిలో జెంటామైసిన్ లాంటి చుక్కలు లోపలి చెవిని దెబ్బతీయగలవు. షాపులో అడిగి తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. చెవి ఆరాక వినికిడి పరీక్ష చేసి, కణత దగ్గర కండరం మీది పల్చటి పొరతో చిల్లు మూసే ఆపరేషన్ చేస్తారు. చీము కొద్దిగానే ఉన్నా కుళ్లు వాసన వస్తుంటే ఆలస్యం చేయొద్దు. చెవి లోపల చర్మం పోగుపడి ఎముకను తినేసే కొలెస్టియటోమా కావచ్చు, దానికి ఆపరేషనే మార్గం.

‘చెవి బాగానే ఉంది’ అన్నారు, నొప్పి మాత్రం ఉంది

డాక్టర్ ఆ మాట అన్నారంటే నొప్పి అబద్ధమని కాదు, వేరే చోట వెతకాలని. పొద్దున్న లేవగానే నొప్పి, నోరు తెరిస్తే చెవి ముందు టక్కుమనడం, నమిలితే పెరగడం ఉంటే దవడ కీలు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు నిద్రలో పళ్లు కొరుకుతారు, ఆ ఒత్తిడి అంతా కీలు మీదే. కొన్ని వారాలు మెత్తటి తిండి, దవడకు వేడి కాపడం, అవసరమైతే రాత్రిపూట పళ్లకు పెట్టుకునే నైట్ గార్డ్. కింది దవడలో పుచ్చిన పన్ను, అడ్డంగా మొలిచిన జ్ఞానదంతం కూడా అచ్చం చెవిపోటులాగే ఉంటాయి. డెంటిస్టు దగ్గర ఒక ఎక్స్‌రే తీయిస్తే తెలిసిపోతుంది.

చివరిది గొంతు. గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట, సిగరెట్, మద్యం అలవాటు ఉన్నవాళ్లకు ఒకే పక్క చెవిపోటు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, చెవి శుభ్రంగా ఉన్నా సరే, నాలుక వెనక భాగం, టాన్సిల్, గొంతు లోపలి భాగం చూపించుకుని తీరాలి. అక్కడి క్యాన్సర్ మొదట్లో చెవినొప్పిగానే బయటపడవచ్చు, ఎందుకంటే గొంతుకు వెళ్లే నరాల కొమ్మలే చెవికీ వెళ్తాయి. మింగడం కష్టంగా ఉన్నా, గొంతు బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా మూడు వారాలు కూడా ఆగొద్దు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు. ఓపీలోనే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, మత్తు ఇవ్వాల్సిన పని ఉండదు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. మిగతా చోట్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగానికి వెళ్లి, ఏ పక్క నొప్పి, ఎన్నాళ్లుగా ఉంది, ఏ అలవాటు ఉంది అన్నవి దాచకుండా చెప్పండి.