ఫార్మాట్ కొట్టే ముందు: లైనక్స్‌లో డిస్క్, నెట్, డ్రైవర్ తిప్పలు

అనంతపురంలో లైనక్స్ సిస్టమ్ మొరాయించిందంటే మొదట వినపడే మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం లేన్నా". కొడితే వారమో పది రోజులో నడుస్తుంది కూడా. కానీ తప్పు కేబుల్లోనో కరెంటులోనో ఉంటే అది ఫార్మాట్‌తో పోదు, పోయేది మన ఫైళ్లే. ఇక్కడి షాపుల్లో, నెట్ సెంటర్లలో, కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది ఉబుంటు, మింట్, డెబియన్ కాబట్టి వాటినే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కమాండ్లను ఫోన్‌లో చదివి చెప్పినట్టు రాశాను. టైప్ చేసేటప్పుడు చిన్న అక్షరాలే వాడాలి, చాలావాటికి ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే మాట) పెట్టాలి.

ఏదీ సేవ్ కావట్లేదు, 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటోంది

ఎండాకాలంలో కరెంటు పోతూ వస్తూ ఉన్న రోజుల్లో ఈ కేసులు ఎక్కువ. డిస్క్ మీద ఏదో తేడా కనిపించగానే, ఉన్నదైనా పాడవకూడదని కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాయడం ఆపేస్తుంది. కాబట్టి బలవంతంగా మళ్లీ రాసే మోడ్‌లోకి తేవద్దు. ముందు కెర్నల్ సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ కమాండ్ కొట్టి చివరి లైన్లు చదవండి. అక్కడ 'ఐ/ఓ ఎర్రర్' అని ఉంటే అనుమానం డిస్క్ మీద, లేదా దాని కేబుల్ మీద. ఒట్టి 'ఈఎక్స్‌టీ4 ఎర్రర్' (ఫైల్ సిస్టమ్‌లో తేడా) మాత్రమే ఉంటే చాలాసార్లు అది కరెంటు పోయినప్పుడు జరిగిన నష్టమే.

ఏదన్నది తేల్చేది స్మార్ట్‌సీటీఎల్. స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్యాకేజీలో వస్తుంది. హైఫన్ ఏ పెట్టి డిస్క్ పేరు ఇస్తే పెద్ద పట్టిక వస్తుంది. సాటా డిస్క్ అయితే అందులో 5, 197, 199 నంబర్ల వరసలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 5 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు. 197 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. 199 అంటే దారిలో చెడిన డేటా, అంటే దాదాపుగా కేబులే. ఈ 199 లెక్క ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. కొత్త సాటా కేబుల్‌తో పోయేదానికి హార్డ్ డిస్క్ మార్చేసే షాపులు మన ఊళ్లో తక్కువేం లేవు.

197 దగ్గర సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే, రిపేర్ మాట మరిచిపోయి ముందు డేటా కాపీ చేసుకోండి. చావుకు దగ్గరైన డిస్క్ మీద ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను రిపేర్ చేసే కమాండ్) నడిపితే మిగిలిందీ పోవచ్చు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇంకో డిస్క్ మీదికి ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీసుకుని, ఆ ఇమేజ్ మీద ఏం చేసినా చేయండి.

డిస్క్ బాగానే ఉంటే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (పెన్‌డ్రైవ్ మీదినుంచే లైనక్స్ నడిచేది) బూట్ చేసి, తప్పు చూపిన పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) మీద ఈ2ఎఫ్ఎస్‌సీకే హైఫన్ ఎఫ్ నడపండి. మౌంట్ అయి (వాడకంలో) ఉన్న పార్టిషన్ మీద ఎప్పుడూ వద్దు. తర్వాత ఇన్వర్టర్ వెనక స్విచ్ చూడండి. చాలా ఇన్వర్టర్లలో రెండు మోడ్‌లు ఉంటాయి. కంప్యూటర్ ఉన్న ఇంట్లో అది యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. లేకపోతే ఫ్యాన్ ఆగకుండానే సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది, ఇంట్లో ఎవరికీ కరెంటు పోయినట్టే తెలియదు.

విండోస్ డ్రైవ్ ఒక్కటే రీడ్ ఓన్లీ అంటే భయం లేదు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా షట్‌డౌన్ కాలేదంతే. దాన్ని ఆపి, విండోస్‌లోంచే మామూలుగా షట్‌డౌన్ చేయండి.

ఫైళ్లు తుడిచినా డిస్క్ నిండే ఉంది

ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను ఇంకా పట్టుకుని ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్ తర్వాత ప్లస్ ఎల్1 కొట్టండి (ప్లస్ పక్కన ఉన్న ఎల్ మాత్రం పెద్ద అక్షరం). వచ్చిన ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది. జాగా కనిపిస్తున్నా రాయలేకపోతుంటే డీఎఫ్ హైఫన్ ఐ చూడండి. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున ఉండే నమోదులు) అయిపోతాయి.

వైఫై కనెక్ట్ అయింది, పేజీలు మాత్రం రావు

ఐపీ ఏ కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం, కాబట్టి రౌటర్ దగ్గర చూసుకోండి. అడ్రస్ బాగుంటే 8.8.8.8కి పింగ్ చేయండి. అది వెళ్తూ సైట్ పేర్లు మాత్రం దొరక్కపోతే గోల డీఎన్ఎస్‌ది, అంటే సైట్ పేరుకు అడ్రస్ వెతికి ఇచ్చే సర్వర్‌ది. కనెక్షన్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ 1.1.1.1 అనో 8.8.8.8 అనో పెట్టి చూడండి.

కేబుల్ నెట్ వస్తోంది, కానీ నత్తనడక

ఈథ్‌టూల్ తర్వాత ఇంటర్‌ఫేస్ పేరు ఇచ్చి, స్పీడ్ లైన్ చదవండి. గిగాబిట్ కార్డు 100 దగ్గరే ఆగిపోతే సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి. గిగాబిట్‌కు కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. నెట్ సెంటర్లలో ఒకే కేబుల్‌ను నాలుగు నాలుగుగా చీల్చి రెండు సిస్టమ్‌లకు ఇవ్వడం పాత అలవాటు. అప్పట్లో తప్పు కాదు గానీ ఇప్పుడు అక్కడే చిక్కుతుంది. అలా చీల్చకపోయినా, క్రింపింగ్‌లో ఒక్క తీగ సరిగ్గా తగలకపోతే ఇదే జరుగుతుంది. రెండు చివరలా కొత్త కనెక్టర్ వేసి, ఎనిమిదీ ఒకే వరసలో కొట్టించండి.

అప్‌డేట్ తర్వాత వైఫై మాయం

మొదట ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్. కీబోర్డు బటన్ నొక్కుకుని ఆఫ్ అయి ఉండొచ్చు. అది కాకపోతే ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ కే. కార్డు పేరు కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' లైన్ లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు. డీఎంఈఎస్‌జీలో ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైల్ పేరు, పక్కన మైనస్ 2 ఉంటే ఆ ఫైల్ లేదని. ప్యాకేజీ వేసుకోవడానికి నెట్ కావాలి కదా, నెట్టే లేదు కదా అని టెన్షన్ వద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఏ డ్రైవరూ అడగకుండా మామూలుగా పనిచేస్తుంది.

బయటినుంచి వేసుకున్న డ్రైవర్ అయితే కొత్త కెర్నల్‌కు మళ్లీ కంపైల్ కావాలి, అందుకు ఆ కెర్నల్ హెడర్లు (కంపైల్‌కు కావాల్సిన ఫైళ్లు) ఉండాలి. ఈలోగా బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేసుకోండి, పని ఆగదు. డ్రైవర్‌ను ఎక్కించే మోడ్‌ప్రోబ్ కొట్టినప్పుడు 'కీ వాజ్ రిజెక్టెడ్' అని వస్తే అడ్డం పడింది సెక్యూర్ బూట్, అంటే నమ్మిన కీతో సంతకం లేని డ్రైవర్‌ను ఎక్కనివ్వని రక్షణ. దాన్ని ఆపేయమని చాలామంది చెప్తారు. నేనైతే ఎంఓకేయుటిల్ కమాండ్‌తో ఆ సంతకం కీ (ఎంఓకే) చేర్చుకోమంటాను. అప్పుడు మీరే ఒక పాస్‌వర్డ్ పెడతారు. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర ఉండేది పది సెకన్లే. కీబోర్డు మీద ఏదో ఒక బటన్ నొక్కకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది, కీ చేర్చడం మళ్లీ మొదటినుంచి చేయాలి.