ఎండాకాలంలో ఒంటరిగా కొండవీడు ఎక్కి దిగడం ఎలా?

మే నెలలో, అదీ ఒక్కళ్లే కొండవీడు ఎక్కొస్తానంటే ఇంట్లో ఎవరూ ఓ పట్టాన ఒప్పుకోరు. వాళ్ల భయంలో తప్పేం లేదు. గుంటూరు, విజయవాడల్లో ఎండ 40 డిగ్రీలు దాటి మండిపోయే రోజులవి. అయినా తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే కిందికి వచ్చేస్తే ఈ నడక హాయిగానే సాగుతుంది. అందుకు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి? ఇది ఇంట్లో ఉండగానే అనుకోవాలి. పైకి వెళ్లాక చూద్దాంలే అంటే కుదరదు. అక్కడ గాలి వీస్తుంటే ఇంకో బురుజు చూద్దాం, ఇంకో చెరువు దాకా వెళ్దాం అనిపిస్తూనే ఉంటుంది.

కొండ సంగతి

కొండవీడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను గెలిచాడు. పైన కోట గోడలు, బురుజులు, మూడు చెరువులు ఉన్నాయి. కొండ కింద గోపీనాథస్వామి గుడి ఉంది, దాన్నే కత్తుల బావి అంటారు.

కొండ ఎత్తు సుమారు వెయ్యి అడుగులు. ఎత్తుకు వెళ్తే చల్లగా ఉంటుందన్న మాటను ఇక్కడ నమ్ముకోవద్దు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, మనం ఎక్కేది 300 మీటర్లే. తగ్గేది రెండు డిగ్రీలు. పైగా ఎండెక్కితే ఆ బండలు పెనంలా కాలి కింద నుంచి సెగ కొడతాయి.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు నేను ఈ కొండనే చెప్పడానికి కారణం, పైదాకా ఘాట్ రోడ్డు ఉండటం. పాత కాలిబాటలో ఎక్కి, ఒంట్లో ఏమాత్రం తేడాగా అనిపించినా ఆ రోడ్డు పట్టుకుని దిగిపోవచ్చు. ఎవరికైనా ఫోన్ చేస్తే బండేసుకుని రాగలరు. కాలిబాట ఎలా ఉంది, ఘాట్ రోడ్డు గేటు ఎప్పుడు తీస్తారు అన్నది ముందు రోజే ఊళ్లో కనుక్కోండి. కొండవీడు చుట్టూ ఉన్నది అడవి. అందరూ తిరిగే దారి వదిలి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే.

ఇంతవరకూ ఏ కొండా ఎక్కని వాళ్లు మొదట మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎక్కి చూడండి. అక్కడ చుట్టూ మనుషులుంటారు. ఆ మెట్లకే ఆయాసం తట్టుకోలేకపోతే కొండవీటి నడకను చలికాలానికి వాయిదా వేసుకోండి. జ్వరం తగ్గి రెండు రోజులే అయినవాళ్లు, రాత్రి నిద్ర లేనివాళ్లు వెళ్లకూడదు. బీపీకో గుండెకో మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే వెళ్లాలి.

ముందు రోజు

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాలవారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది. అందులో యడ్లపాడు పేరుంటే ప్రయాణం మానుకోండి. రోహిణి కార్తెలో అసలు పెట్టుకోవద్దని నా మాట. రోళ్లు పగిలే ఎండ అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

తర్వాత ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. “కొండవీడు వెళ్తున్నా” అంటే చాలదు. ఇలా ఉండాలి: “అక్కా, రేపు కొండవీడు కోట. కాలిబాటలో ఎక్కుతా, ఘాట్ రోడ్డు మీద దిగుతా. బండి కొండ కింద గుడి దగ్గర పెడతా. తొమ్మిదింటికల్లా దిగి ఫోన్ చేస్తా. పదింటికి కూడా నా ఫోన్ రాక, నువ్వు చేసినా కలవకపోతే 112కి చెప్పు.” వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టుకోవచ్చు, పెట్టండి కూడా. కానీ కొండ మలుపులో సిగ్నల్ పోతే అది ఆగిపోతుంది. మెసేజ్‌లో ఉన్న ఆ దారీ, ఆ టైమూ అప్పుడు పనికొస్తాయి. పొద్దున కొండ కింద టీ కొట్టు కనిపిస్తే అక్కడా ఓ మాట చెప్పి వెళ్లండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

నీళ్లు మూడు లీటర్లు. బరువే, అయినా తగ్గించొద్దు. ఒక సీసాను సగం నింపి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున మిగతా సగం నింపుకుంటే చల్లగా ఉంటాయి. అన్నీ ఒకే సీసాలో వద్దు, మూత ఊడితే మొత్తం పోతాయి. మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు రెండు తీసుకుని, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపండి. పొడి దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. కొండ మీది చెరువు నీళ్లు తాగడానికి కాదు.

పొడుగు చేతుల కాటన్ చొక్కా, మడమ దాకా ప్యాంటు, పట్టు ఉన్న బూట్లు, టోపీ. ఒక తువ్వాలు కచ్చితంగా ఉండాలి, తడిపి మెడకు చుట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. విజిల్, చిన్న టార్చి, ఫుల్ చార్జింగ్ ఉన్న ఫోన్, పవర్ బ్యాంక్. తినడానికి వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు చాలు. కోతులుంటాయి కాబట్టి కవర్లు చేత్తో పట్టుకుని నడవొద్దు. అగ్గిపెట్టె, సిగరెట్లు తేవద్దు. వేసవిలో కొండంతా ఎండుగడ్డే, ఒక్క నిప్పురవ్వ చాలు.

నడక

తెల్లవారుజామున లేచి నాలుగు ముద్దలు పెరుగన్నం తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి బయల్దేరండి. మేలో ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది. దారి స్పష్టంగా కనిపించే వెలుగు వచ్చాకే ఎక్కడం మొదలుపెట్టండి. చీకట్లో పాము మీద కాలు పడితే చూసుకునే వీలుండదు. మాట్లాడగలిగినంత వేగంతో నడవండి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి.

దారి తప్పేది ఎక్కువగా మేకల బాటల వల్లే. చూడటానికి అవీ అచ్చం దారిలాగే ఉంటాయి. కాస్త ఆగి గమనిస్తే తేడా తెలుస్తుంది. మేకల బాట రేగుకంప కిందుగా, మోకాలి ఎత్తులో దూరిపోతుంది. పైన కొమ్మలు చెక్కుచెదరవు. మనుషులు నడిచే దారిలో ఛాతీ ఎత్తున రెమ్మలు విరిగి ఉంటాయి, రాళ్లు కాళ్ల రాపిడికి నున్నబడి ఉంటాయి. వంగి దూరాల్సి వస్తోందంటే అది మీ దారి కాదు. ముందుకెళ్లి వెతక్కుండా, కచ్చితంగా తెలిసిన చివరి చోటికి వెనక్కి వచ్చేయండి.

పాడుబడ్డ గోడల సందుల్లో చేతులు పెట్టొద్దు. పాము కరిస్తే కోయడం, తాడు కట్టడం, నోటితో పీల్చడం చేయకూడదు. ఉంగరం, వాచీ తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కూర్చుని 108కి ఫోన్ చేయాలి. బండల కింద తేనెపట్టు కనిపిస్తే చప్పుడు చేయకుండా దూరంగా చుట్టి వెళ్లండి. ఈగలు లేస్తే మొహం కప్పుకుని పరుగెత్తడమే, చేతులు విసరొద్దు.

ఏడున్నర అయినా, నీళ్లలో సగం అయిపోయినా, ఏది ముందైతే అప్పుడు వెనక్కి తిరగండి. కోట గుమ్మం పది అడుగుల దూరంలో ఉన్నా సరే. అది ఆరు వందల ఏళ్లు దాటిన కోట, వచ్చే నెలా అక్కడే ఉంటుంది.

ఎండ దెబ్బను ఒక్కరే ఎలా కనిపెట్టాలి?

ఒంటరి నడకలో అసలు కష్టం ఇదే. వడదెబ్బ ముదిరితే మనిషి తికమకపడతాడు, ఆ సంగతి తనకే తెలియదు. పక్కన మరొకరుంటే చూసి చెబుతారు, ఇక్కడ ఎవరూ లేరు. కాబట్టి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, వీటిలో ఒక్కటి కనిపించినా నడక ఆపేయండి. కాసేపట్లో సర్దుకుంటుందని ముందుకు వెళ్లొద్దు. నీడలో కూర్చుని బూట్లు వదులు చేసి, మెడ, చంకలు, నుదురు తడిపి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగండి. ఇంటికి ఫోన్ చేసి, ఉన్న చోటు చెప్పి, మాట్లాడుతూనే ఉండమనండి. మాట తడబడుతున్నట్టు వాళ్లకు అనిపిస్తే వెంటనే 108కి చెబుతారు. అరగంటకు తగ్గకపోయినా, వాంతి అయినా ఆలోచించకుండా మీరే 108కి చేయండి.

దిగాక

ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువగా జారిపడతారు. బండ మీద పొడి కంకర గింజలు ఉంటే పాదం అడ్డంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి చిన్న అడుగులు వేయండి.

కిందికి రాగానే ముందు ఇంటికి ఫోన్, తర్వాతే మజ్జిగ. నీడలో పది నిమిషాలు కూర్చుని ఒళ్లు చల్లబడ్డాకే బండి నడపండి. ఆ సాయంత్రం మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే ఇంకా నీళ్లు చాలలేదని. తాగుతూనే ఉండండి. తలనొప్పి రాత్రికీ వదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.