చిన్నపిల్లలను బండి మీద ఎలా కూర్చోబెట్టాలి?

పిల్లను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటే కళ్లముందే ఉంటుందని చాలామంది ధీమా. నిజానికి బండి మీద అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. సడన్‌గా బ్రేకు పడితే పిల్ల ముఖం హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది, వెనక నుంచి పెద్దవాళ్ల బరువు మీద పడుతుంది. స్కూటీ ముందర నిలబెట్టినా అంతే. పైగా ఇంజను ఆన్‌లో ఉంటే పిల్లలు యాక్సిలరేటర్ తిప్పేస్తారు. ఎక్కించేటప్పుడూ దింపేటప్పుడూ తాళం ఆఫ్ చేసే ఉంచాలి.

కూర్చోవాల్సింది వెనకే, హార్నెస్ బెల్టుతో. నాలుగేళ్లలోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి ఇది తప్పనిసరి. వాళ్లు ఎక్కినప్పుడు వేగం 40 దాటకూడదు. 30 కిలోల బరువు ఆపగల నైలాన్ బెల్టే కొనండి. జాకెట్టులా ఉన్న భాగం పిల్లకు తొడిగి, దాని పట్టీలను నడిపేవాళ్లు రెండు భుజాలకు వేసుకోవాలి. మీ వీపుకూ పిల్ల ఛాతీకీ మధ్య పిడికిలి పట్టేంత సందుంటే బెల్టు వదులైనట్టే. చలికాలం స్వెట్టర్ మీద బిగించిన పట్టీ, స్వెట్టర్ తీసేశాక వదులవుతుంది, ప్రతిసారీ సరిచేయాలి. ఆగాక బకిల్ తీయకుండా అలవాటుగా దిగబోతే పిల్ల కూడా పక్కకు గుంజుకుపోతుంది. ముందు స్టాండు, తర్వాత బకిల్.

అందరూ మరిచేది కాళ్ల సంగతి. ఫుట్‌రెస్టు అందని కాళ్లు వేలాడి, మడమ వెనక చక్రం పుల్లల్లో పడితే చర్మం, నరాలు, ఎముక అన్నీ దెబ్బతింటాయి. చీర గార్డు ఉన్నా రెండోవైపు ఖాళీగానే ఉంటుంది, అటువైపూ జాలీ బిగించుకోండి. సైలెన్సర్ కాలకుండా నిండు ప్యాంటు, మడమ మూసే బూట్లు వేయండి. చెప్పులు వద్దు.

హెల్మెట్‌కు కనుబొమ్మల పైన టేపు చుట్టి కొలత తీసుకోండి. పెట్టి తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ విడిగా తిరగకూడదు. గడ్డం పట్టీలో రెండు వేళ్లే పట్టాలి. "పెద్దయ్యాక కూడా వస్తుంది" అని పెద్ద సైజు కొనకండి, పడ్డప్పుడు ముందు అదే ఊడిపోతుంది. చిన్న తలకు సరిపోయే సైకిల్ హెల్మెట్‌నూ నిబంధన ఒప్పుకుంటుంది. తొమ్మిది నెలల్లోపు పసివాళ్ల మెడ హెల్మెట్ బరువు మోయలేదు, వాళ్లకు బండి ప్రయాణమే వద్దు.

పిల్ల కునికితే బండి ఆపాల్సిందే, తల వాలితే బెల్టు మెడను ఆపలేదు. హన్మకొండ నుంచి మేడారం దాదాపు వంద కిలోమీటర్లు; 40 వేగంతో రెండున్నర గంటల పైమాటే. అంతసేపు ఏ పిల్లా నిద్రపోకుండా ఉండదు, జాతరకు బస్సులోనే తీసుకెళ్లండి.