థండర్‌బర్డ్‌లో ఆఫీసు మెయిల్: సమస్యలు, పరిష్కారాలు

ఆఫీసు మెయిల్ సర్వర్‌కు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంను కలిపేవారు మొదట గుర్తుంచుకోవలసింది, మెయిల్ అందుకోవడం, పంపడం రెండు వేర్వేరు పనులని. మొదటిది ఐమ్యాప్ (IMAP) అనే పద్ధతి ద్వారా, రెండోది ఎస్‌ఎంటీపీ (SMTP) అనే పద్ధతి ద్వారా జరుగుతుంది; సర్వర్ పేరు, పోర్టు (సర్వర్‌లో ఆ పనికి కేటాయించిన ద్వారం సంఖ్య), భద్రత రకం రెండింటికీ విడివిడిగా ఉంటాయి. ఏది ఆగిందో తేల్చుకోకుండా సెట్టింగులన్నీ మార్చితే పనిచేస్తున్నది కూడా చెడుతుంది.

సమస్య: ఖాతా చేర్చేటప్పుడే సెట్టింగులు దొరకలేదని వస్తుంది.

చాలా ఆఫీసు సర్వర్లు తమ వివరాలను ప్రోగ్రాం తనంతట తాను కనుగొనేలా ప్రకటించవు. సర్వర్ పేరును సిస్టమ్ అడ్మిన్‌ను అడిగి తెలుసుకుని, వివరాలను చేత్తో నింపాలి. ఐమ్యాప్‌కు పోర్టు 993 అయితే భద్రత ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మొదటినుంచే ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం), 143 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలై తర్వాత ఎన్‌క్రిప్షన్‌కు మారేది). యూజర్‌నేమ్‌గా కొన్నిచోట్ల పూర్తి మెయిల్ చిరునామా, కొన్నిచోట్ల ఆఫీసు లాగిన్ పేరు మాత్రమే ఇవ్వాలి. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కుదరకపోతే ముందుగా చూడవలసింది ఇదే.

సమస్య: మెయిల్స్ వస్తున్నాయి, కానీ వెళ్లడం లేదు.

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే, దీనికి కారణాలూ ఎక్కువే. అదే ఆఫీసులోని సహోద్యోగికి ఒక మెయిల్, బయటి చిరునామాకు ఒకటి పంపి చూడండి. మొదటిది వెళ్లి, రెండోదానికి రిలే (మెయిల్‌ను బయటి సర్వర్‌కు చేరవేయడం) అనుమతి లేదన్న అర్థంలో 550 లేదా 554 సంఖ్యతో తిరస్కారం వస్తే, మీరెవరో తెలియకుండా బయటికి పంపడానికి సర్వర్ ఒప్పుకోవడం లేదన్నమాట. అవుట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగుల్లో ఆథెంటికేషన్‌ను 'నార్మల్ పాస్‌వర్డ్'గా మార్చి, యూజర్‌నేమ్ నింపితే సరిపోతుంది.

ఏ తిరస్కారమూ లేకుండా చాలాసేపు ఆగి టైమవుట్ అని వస్తే పోర్టును అనుమానించాలి. 25 అన్నది ప్రధానంగా సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు కాబట్టి, ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థలు చాలావరకు దాన్ని మూసే ఉంచుతాయి. 587తో స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465తో ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ పెట్టాలి. 465కు స్టార్ట్‌టీఎల్‌ఎస్ జతచేస్తే ప్రోగ్రాం సర్వర్ పలకరింపు కోసం, సర్వర్ ప్రోగ్రాం మొదలుపెట్టే ఎన్‌క్రిప్షన్ కోసం ఎదురుచూస్తూ రెండూ ఆగిపోతాయి.

ఒకటికి మించి ఖాతాలున్నవారు, ఆఫీసు ఖాతాకు వేరే ఖాతా ఎస్‌ఎంటీపీ సర్వర్ తగులుకుని ఉందేమో కూడా చూడాలి.

సమస్య: సర్టిఫికెట్ నమ్మదగినది కాదని హెచ్చరిక వస్తుంది.

సర్టిఫికెట్ అంటే సర్వర్ తానెవరో చూపే గుర్తింపు పత్రం. సర్వర్ పేరుకు బదులు ఐపీ అడ్రస్ (అంకెల చిరునామా) ఇచ్చినప్పుడు సర్టిఫికెట్‌లోని పేరుతో అది సరిపోలక ఈ హెచ్చరిక వస్తుంది. కంప్యూటర్ తేదీ తప్పుగా ఉన్నా, మెయిల్‌ను యాంటీవైరస్ మధ్యలో తెరిచి తనిఖీ చేస్తున్నా ఇదే కనిపిస్తుంది. ఈ మూడూ చూడకుండా, హెచ్చరికను పక్కనపెట్టి ఆ సర్టిఫికెట్‌కు మినహాయింపు ఇచ్చేయడం ప్రమాదకరం. మధ్యలో ఎవరైనా సర్వర్‌లా నటిస్తుంటే పాస్‌వర్డ్ నేరుగా వారికే అందుతుంది. ఆఫీసు సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్ అయితే, తెరపై కనిపించే ఫింగర్‌ప్రింట్‌ను (ఆ సర్టిఫికెట్‌ను గుర్తించే అక్షరాలు, అంకెల వరుసను) అడ్మిన్ ఇచ్చినదానితో అక్షరం అక్షరం పోల్చి, సరిపోయాకే ఒప్పుకోవాలి.

సమస్య: ఆఫీసులో పనిచేసేది ఇంట్లో పనిచేయదు.

సర్వర్ పేరు ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రమే దొరికేది కావచ్చు. బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ కలిపాక ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే, బయటినుంచి వాడవలసిన పేరు వేరే ఉందేమో అడ్మిన్‌ను అడగాలి.