యంత్రం తీర్పును తనిఖీ చేయడం: నాలుగో పాఠం

పట్టికలోని వివరాలతో మనుషులపై నిర్ణయం చెప్పే యంత్రంలో వివక్ష గురించి మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఈసారి తప్పుడు తిరస్కరణలను, అంటే అర్హులను యంత్రం కాదన్న సందర్భాలను, లెక్కించాలనుకున్నాం కానీ, దాన్ని వాయిదా వేస్తున్నాను. ఎక్కువమంది ఒకే చోట జారిపడ్డారు: "పట్టికలోంచి లింగం కాలమ్ తీసేశాను, ఇక వివక్ష లేదు" అని రాసి ఊరుకున్నారు. ఈ మాట ఎక్కడ కనబడినా నాకు కోపం వస్తుంది. నష్టపోయిన మనిషికి తన అన్యాయాన్ని నిరూపించుకునే దారి కూడా దానితో మూసుకుపోతుంది.

ఒక్కమాటలో గుర్తుచేస్తాను: పాత రికార్డుల పట్టిక చూసి, కొత్తవాళ్ల గురించి అంచనా వేయడం నేర్చుకునే ప్రోగ్రాం మోడల్. ఆ పాత రికార్డులే శిక్షణ డేటా.

కాలమ్ పోయినా దాని జాడ మిగతా కాలమ్‌లలో ఉంటుంది. ఒక ఉద్యోగ దరఖాస్తు తీసుకోండి. పేరు లేదు, లింగం లేదు. మహిళా కళాశాలలో డిగ్రీ ఉంది, మహిళల చదరంగం క్లబ్‌కు నాయకత్వం ఉంది. రాసినది ఎవరో మీకు వెంటనే తెలిసిపోయింది కదా? అమెజాన్ 2014లో దరఖాస్తులకు రేటింగ్ ఇచ్చే పరికరం తయారీ మొదలుపెట్టింది. శిక్షణకు వాడిన పదేళ్ల దరఖాస్తుల్లో అత్యధికం మగవాళ్లవి. "మహిళల" అన్న మాట కనబడితే అది రేటింగ్ తగ్గించేదని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఇంజినీర్లు ఆ మాటల వరకు సరిచేశారు. అయినా వివక్ష మరో దారిలో రాదన్న భరోసా దొరకక, చివరికి ఆ ప్రయత్నమే మానుకున్నారు.

ఇంకో రకం మరీ లోతైనది. అమెరికాలో ఏ రోగులకు అదనపు సంరక్షణ అవసరమో చెప్పే ఒక అల్గారిథమ్‌పై, అంటే కంప్యూటర్ లెక్కపై, 2019లో సైన్స్ పత్రికలో అధ్యయనం వచ్చింది. అల్గారిథమ్‌కు రోగి జాతి వివరం ఇవ్వనేలేదు. అయితే అది జబ్బు తీవ్రతకు బదులు వైద్యఖర్చును అంచనా వేసింది. తెల్లజాతి రోగులతో సమానంగా జబ్బున్నా నల్లజాతి రోగులపై తక్కువ ఖర్చు జరుగుతూ వచ్చింది కాబట్టి, వాళ్లకు అవసరం తక్కువన్నట్టు లెక్క తేలింది. దాన్ని సరిదిద్దితే అదనపు సాయం అందే వారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుంది. పరిశోధకుల చేతిలో జాతి వివరం ఉండబట్టే ఈ సంగతి తెలిసింది.

అందుకే ఆ కాలమ్‌ను చెరిపేయకండి. నిర్ణయించే మోడల్‌కు ఇవ్వకుండా, తనిఖీ చేసేవాళ్లకే అందేలా విడిగా దాచండి.

నేనైతే ముందుగా కంప్యూటర్ జోలికి పోను. ఆడ, మగ సగం సగం ఉన్న వంద వరుసలు అచ్చు తీసి, లింగం కాలమ్ మీద కాగితం అంటించి, ఒక్కో వరుస ఆడవాళ్లదో మగవాళ్లదో ఊహించి పెన్సిలుతో రాస్తాను. దేన్ని చూసి ఊహించానో పక్కనే రాసుకుంటాను. గుడ్డిగా చెప్పినా యాభై దాకా కలుస్తాయి. ఎనభై కలిశాయంటే జాడ గట్టిగా ఉన్నట్టే. యాభై అయిదే కలిశాయని నిశ్చింతగా ఉండకండి, మీ కంటికి ఆననిది మోడల్‌కు ఆనవచ్చు. మిగతా కాలమ్‌లతో లింగాన్ని ఊహించే చిన్న మోడల్‌ను తయారుచేసి అప్పుడు చూడండి.

అభ్యాసం: మూడో పాఠం పట్టికతోనే ఇలా ఊహించండి. ఎక్కువ జాడ ఇచ్చిన కాలమ్‌ను కప్పి మళ్లీ మొదటి నుంచి ఊహించండి. యాభై అయిదుకు దిగేదాకా ఆపవద్దు. అప్పుడు మిగిలిన కాలమ్‌లతో మోడల్ చెప్పాల్సిన నిర్ణయం ఇంకా సాధ్యమేనా, అసలు ఆ మోడల్ దేన్ని అంచనా వేస్తోంది, ఆ అంకె ఎవరి గతాన్ని మోసుకొస్తోంది అన్నవి ఒక పేజీలో రాయండి.